పాత టేకు సామాను: రంగు డబ్బా తెరవడానికి ముందు

హనుమకొండ, వరంగల్‌లలో పాత పెంకుటిల్లు కూల్చి ఫ్లాటులోకి మారే కుటుంబాలు పట్టె మంచాన్ని దివాన్‌గా, భోషాణాన్ని టీవీ బల్లగా మార్పించుకుంటున్నాయి. ఆ తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చెక్క సంగతి తేల్చుకోకుండా రంగుతో మొదలుపెట్టడం వల్ల వచ్చేవే.

కొత్త రంగు పొరలుగా ఊడుతోంది

కింద పాత పాలిష్, మైనం, ఏళ్ల తరబడి పట్టిన చేతి జిడ్డు అలాగే ఉన్నాయన్నమాట. పైగా టేకులో సహజంగానే నూనె ఉంటుంది. బల్ల అడుగున కనిపించని చోట స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్ది చూడండి. జిగటగా కరిగితే అది లక్క పాలిష్, స్పిరిట్‌తోనే వదిలిపోతుంది. కరగకపోతే వార్నిషో ఎనామిలో అయి ఉంటుంది, గీకక తప్పదు. 80 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 120, 220కి వెళ్లండి, ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దండి. తర్వాత థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే ప్రైమర్ వేయండి.

ఒక జాగ్రత్త. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌ను పొడిగా రుద్దకండి. తడిపి, మాస్కు కట్టుకుని, పిల్లలు లేని చోట చేయండి. అయినా ఇంత మంచి టేకును తెల్లరంగు కింద దాచడమెందుకో నాకు అర్థం కాదు.

కాళ్ల దగ్గర పిండిలాంటి పొడి రాలుతోంది

గుండుసూది తలంత రంధ్రాలుంటే పుచ్చు పురుగు. అది టేకు చేవ జోలికి సాధారణంగా రాదు, చేవ చుట్టూ ఉండే లేతరంగు చెక్కనే తింటుంది. పురుగుమందును సిరంజితో రంధ్రాల్లోకి ఎక్కించి, పాలిథీన్ చుట్టి కొన్ని రోజులు ఉంచండి. తర్వాత కింద నల్ల కాగితం పరచండి. కొత్త పొడి పడకపోతేనే రంధ్రాలు మైనంతో పూడ్చండి. స్క్రూడ్రైవర్ గుచ్చితే చెక్క నలిగిపోతుంటే ఆ ముక్క మార్పించాల్సిందే. మట్టి గొట్టాలు కనిపిస్తే మాత్రం అవి చెదలు. అప్పుడు మందు వేయాల్సింది ముందుగా గోడకు, నేలకు.

వానాకాలంలో సొరుగు బిగుసుకుపోతోంది

చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. జూలైలో చిత్రిక పట్టించారంటే మే ఎండల్లో అదే సొరుగు లొడలొడలాడుతుంది. ప్రస్తుతానికి అంచులకు కొవ్వొత్తి రుద్దండి. ఎండలు వచ్చాక సొరుగు లోపలి వైపూ పాలిష్ వేయించండి. పాత వడ్రంగులు లోపలి వైపును పాలిష్ లేకుండానే వదిలేసేవారు, తేమ దూరేది అక్కడినుంచే.

కుర్చీ ఊగుతోంది

కాలి బెజ్జంలో దూరిన పట్టె కొస ఎండి సన్నబడింది. మేకు కొడితే కొన్నాళ్లు ఆగి, తర్వాత చెక్కే చీలుతుంది. అతుకు విప్పి, పాత జిగురు గీకేసి, ఫెవికాల్ పూసి, తాడు చుట్టి కర్రతో మెలితిప్పి ఒక రోజంతా వదలండి.

మేకుల చుట్టూ నల్ల మరక

ఇనుము తడిసి చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలవడమే కారణం. ఎంత రుద్దినా పోదు. చేతి తొడుగులు వేసుకుని, ప్లాస్టిక్ గిన్నెలో గోరువెచ్చని నీటిలో కలిపిన ఆక్సాలిక్ ఆమ్లం పూసి, తర్వాత బాగా కడిగి ఆరబెట్టండి. ఇనుప మేకుల చోట ఇత్తడి స్క్రూలు పెట్టండి. భోషాణానికి పాత ఇత్తడి పట్టీలుంటే పారేయకండి, చింతపండు పులుసుతో తోమితే చాలు. విరిగిపోయి ఉంటే, ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి దగ్గరే కదా, అక్కడి లోహపు పనివారిని అడగండి.

దివాన్ మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనడం లేదు

కూర్చునే ఎత్తు సుమారు 18 అంగుళాలుంటే సుఖం. మంచమే అంత ఎత్తుంటే నాలుగు అంగుళాల ఫోమ్ దాన్ని చెడగొడుతుంది. కాళ్లు కోయించకండి, చెక్కడమంతా వాటి మీదే ఉంటుంది. నవారు బిగించి, అంగుళం ఫోమ్ వేసి, దానిపైన వరంగల్‌లోని కొత్తవాడలో నేసే దరీ పరవండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలు ఇవే, నూలువి తీసుకుంటే వేసవిలో చెమట పట్టదు.