టీనేజర్లందరూ మైనర్లు కారు

ఇంగ్లీషులో లెటరో, ఆఫీసు మెయిలో రాసేటప్పుడు పిల్లల గురించి ఏ మాట వాడుతున్నామో ఒకసారి చూసుకోండి. కిడ్ ఇంట్లో మాట. స్కూలుకి రాసే లెటర్‌లో చైల్డ్ అనో, సన్, డాటర్ అనో రాస్తేనే బాగుంటుంది. టీనేజర్ అంటే లెక్క ప్రకారం 13 నుంచి 19 ఏళ్లు. పదకొండేళ్లవాడు తండ్రి భుజం దాటి పెరిగినా టీనేజర్ కాడు. మైనర్ చట్టం మాట, మన దేశంలో 18 నిండేదాకా. అంటే పందొమ్మిదేళ్ల అమ్మాయి టీనేజరే, మైనర్ మాత్రం కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది జువెనైల్‌తో. డిక్షనరీలో ‘చిన్న వయసు వాళ్లు’ అని అమాయకంగానే కనిపిస్తుంది. మనుషుల విషయంలో వాడితే మాత్రం ముందు నేరం, కోర్టు గుర్తొస్తాయి. ఎవరి ప్రవర్తననైనా జువెనైల్ అన్నామంటే ‘చిన్నపిల్లల చేష్టలు’ అని ఎత్తిపొడిచినట్టే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కూడా పేరులో ఆ మాట ఉంచుకుని, లోపల ఎక్కువగా చైల్డ్ అనే వాడింది.

యూత్‌తో ఇంకో మెలిక. ‘ద యూత్’ అంటే యువత మొత్తం; ‘ఎ యూత్’ అంటే సాధారణంగా కుర్రాడే. అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ కలిపి చెప్పాలంటే యంగ్ పీపుల్ అనేస్తే గొడవ లేదు.