సిరిమానోత్సవంలో మజ్జిగ స్టాలు: పదిమంది పనిని ట్రెలో బోర్డు మీదకు ఎక్కించే పద్ధతి

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం జరుగుతుంది. 2023లో అది అక్టోబరు 31, 2024లో అక్టోబరు 15, 2025లో అక్టోబరు 7. తేదీ ఏటా మారుతుంది గానీ, వచ్చిన తేదీ మాత్రం ఎవరికోసమూ ఆగదు. అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరిగే వేళకి మజ్జిగ, మంచినీళ్ల గ్లాసు జనం చేతికి అందకపోతే ఆ స్టాలు పెట్టి లాభం లేదు. ఇలా గడువు కదలని పనికి వాట్సాప్ గ్రూపు ఒక్కటే చాలదు. ఎవరు ఏది ఒప్పుకున్నారన్నది నాలుగు రోజులకే శుభోదయాల కింద పడిపోతుంది.

ట్రెలో అంటే ఒక్కో పనిని ఒక కార్డుగా రాసి, బోర్డు మీద ఒక లిస్టు నుంచి ఇంకో లిస్టుకి జరుపుకుంటూ పోయే ఆప్. దాని ఉచిత ఖాతా ఈ పనికి సరిపోతుంది. ఉచితంగా వాడితే ఒక వర్క్‌స్పేస్‌లో (మన బోర్డులన్నీ ఉండే చోటు) 10 మందికే చోటుంటుంది. కుర్రాళ్లు పాతికమంది ఉన్నా నష్టం లేదు. సామాను, అనుమతులు, డబ్బు, పందిరి, వడ్డన, శుభ్రత అని విడదీసి ఒక్కో దానికి ఒక బాధ్యుణ్ణి బోర్డులోకి తీసుకోండి. మిగతావాళ్లకి ఆ బాధ్యుడే ఫోన్లో చెప్పుకుంటాడు. బోర్డు పబ్లిక్‌గా కాకుండా ప్రైవేటుగానే ఉంచండి, చందాదారుల నంబర్లు అందులో ఉంటాయి.

బోర్డులో లిస్టులు ఐదు చాలు: చేయాల్సినవి, ఈ వారం, నడుస్తున్నవి, ఆగినవి, అయిపోయినవి. శాఖకో లిస్టు పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. అప్పుడు పని ఎవరిదో తెలుస్తుంది గానీ ఎంతవరకు వచ్చిందో తెలియదు. శాఖను చూపించడానికి రంగు లేబుళ్లున్నాయి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది కార్డు రాయడంలో. బోర్డులు పాడయ్యేది అక్కడే. 'నీళ్లు' అని రాసిన కార్డు అక్టోబరు దాకా అలాగే పడి ఉంటుంది, ఎందుకంటే అది ఎప్పటికి అయిపోయినట్టో ఎవరూ చెప్పలేరు. '52 నీళ్ల క్యాన్లకు అడ్వాన్సు కట్టి రసీదు ఫొటో పెట్టాలి' అని రాయండి. రసీదు కనబడితే అయినట్టు, లేకపోతే కానట్టు.

లెక్క కూడా కార్డు వివరణలోనే ఉండాలి. 200 మిల్లీలీటర్ల గ్లాసు చొప్పున 20 లీటర్ల క్యాను వంద గ్లాసులు ఇస్తుంది, 4,000 గ్లాసుల మంచినీళ్లకి 40 క్యాన్లు. మజ్జిగ 150 మిల్లీలీటర్ల చొప్పున 2,000 గ్లాసులంటే 300 లీటర్లు. ఒక వంతు పెరుగుకి మూడు వంతుల నీళ్లు కలిపితే 75 లీటర్ల పెరుగు, 225 లీటర్ల నీళ్లు, అంటే ఇంకో 12 క్యాన్లు. లీటరుకి 5 గ్రాముల చొప్పున ఉప్పు కిలోన్నర. కాగితం గ్లాసులు 6,000, నలిగిపోయేవాటికి పదోవంతు కలుపుకుని 6,600. ఇది రాసి ఉంటే, సామాను తెచ్చే మనిషి మారినా కొత్త మనిషి మళ్లీ మొదటినుంచి అడగక్కర్లేదు.

ఒక కార్డుకి ఒక్క పేరే పెట్టండి. ఇద్దర్ని చేర్చనిస్తుంది సాఫ్ట్‌వేర్, కానీ ఆయన చూస్తాడని ఈయన, ఈయన చూస్తాడని ఆయన ఊరుకుంటారు. పేరు లేకపోవడం ఇంకా చేటు: గడువు దగ్గరపడిందన్న రిమైండరు కార్డులో పేరున్నవాళ్లకీ, దాని మార్పులు తమకి తెలియాలని 'వాచ్' పెట్టుకున్నవాళ్లకీ వెళుతుంది తప్ప మిగతావాళ్లకి వెళ్లదు. చెక్‌లిస్టులో ఒక్కో అంశానికి వేరే మనిషిని, వేరే తేదీని పెట్టే వీలు డబ్బు కట్టిన ఖాతాలకే ఉంది. అందుకని పందిరి ఒకరు, మైకు ఒకరు చూస్తుంటే ఒకే కార్డులో చెక్‌లిస్టు వేయకుండా రెండు కార్డులు చేసేయండి. చెక్‌లిస్టు ఒకే మనిషి వరసగా చేసే పనికి బాగుంటుంది: డ్రమ్ములు కడగడం, పెరుగు చిలకడం, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేయడం, రుచి చూడడం.

గడువులు పండగ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. కార్డు పేరు ముందు 'సి-10' అని రాస్తే సిరిమానుకి పదిరోజుల ముందని అర్థం. తేదీ పెట్టే చోట తేదీ ఎలాగూ పెడతారు, ఈ గుర్తు వచ్చే ఏటికి పనికొస్తుంది. పోలీసుల, నగరపాలక సంస్థ అనుమతుల దరఖాస్తు సి-30. పెరుగు, క్యాన్ల ఆర్డరు సి-15, దసరా రద్దీలో ఆలస్యమైతే అడిగినంత దొరకదు. పెరుగు మాత్రం సోమవారం తొలేళ్ల (సిరిమాను ముందురోజు వేడుక) రాత్రి దింపించొద్దు. ఐసు లేకుండా ఉంచితే మర్నాడు మధ్యాహ్నానికి పులిసిపోతుంది. మంగళవారం ఉదయం 9 గంటలకి రావాలని, సమయంతో సహా కార్డులో రాయండి.

'ఆగినవి' లిస్టుని చిన్నచూపు చూడకండి, బోర్డు మొత్తంలో విలువైనది అదే. అందులోకి జరిపిన ప్రతి కార్డులో ఒక కామెంటు ఉండాలి: ఎవరి దగ్గర ఆగింది, మళ్లీ ఎప్పుడు అడగాలి. 'అనుమతి రాలేదు' అంటే చాలదు. 'దరఖాస్తు ఇచ్చాం, స్థలం కొలతలు అడిగారు, గురువారం ఇవ్వాలి' అంటే తర్వాతి అడుగు కనబడుతుంది. వారానికోసారి పావుగంట కూర్చున్నప్పుడు ఈ లిస్టుతోనే మొదలుపెట్టండి, అయిపోయినవాటి జోలికి వెళ్లొద్దు. సి-10 నుంచి రోజూ కూర్చోవాలి.

వాట్సాప్ మానక్కర్లేదు. మాటలు అక్కడ, తేలిన నిర్ణయం కార్డులో. ఎవరైనా గ్రూపులో 'క్యాన్లు ఏమయ్యాయి' అంటే జవాబు టైపు చేయకుండా ఆ కార్డు లింకు పంపండి. వారం తిరక్కుండా అడిగేవాళ్లే బోర్డు చూడడం అలవాటు చేసుకుంటారు. నోటిఫికేషన్లు రావట్లేదంటే ముందు ఫోను సెట్టింగుల్లో ట్రెలోకి బ్యాటరీ పొదుపు తీసేశారో లేదో చూడండి.

పండగ రోజు జనం మధ్య డేటా సరిగ్గా అందకపోవచ్చు. సోమవారం సాయంత్రమే ఆ రోజు కార్డుల్ని గంటలవారీగా కాగితం మీద రాసి, స్టాలు స్తంభానికి అంటించండి. కింద ప్రతి బాధ్యుడి ఫోను నంబరు కూడా ఉండాలి.

బుధవారానికి కూడా కార్డులు ముందే రాసి ఉంచండి: వాడేసిన గ్లాసులు ఎత్తించడం, ఖాళీ క్యాన్లు లెక్కపెట్టి అప్పగించడం, షామియానా వెనక్కి పంపడం, ఖర్చుల లెక్క. ఈ కార్డులు లేకపోతే డిపాజిట్టు డబ్బులు చేతికి రావడం ఆలస్యమవుతుంది. అయిపోయిన కార్డుల్ని డిలీట్ చేయొద్దు, డిలీట్ చేసింది తిరిగి రాదు. ఆర్కైవ్ చేస్తే కార్డు బోర్డు మీద కనబడకుండా దాగి ఉంటుంది, ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఎంత మిగిలింది, ఏది చాలలేదు అన్నది ఆ వారంలోనే ఆయా కార్డుల్లో రాసేసి, బోర్డుకి ఆ సంవత్సరం పేరు పెట్టి ఉంచండి. మరుసటి ఏడు దాన్ని కాపీ చేసి, సి-30 మొదలుకొని తేదీలు మళ్లీ వేసుకోవాలి.