డెల్టా ఊరి నుంచి నెట్‌వర్క్ పరిశోధనలోకి వెళ్లే దారి

కంప్యూటర్ నెట్‌వర్కుల మీద పరిశోధన చేయాలనుకునే విద్యార్థి ముందుగా నేర్చుకోవలసింది కొలవడం. గోదావరి డెల్టాలో పెరిగినవారికి అసలు సమస్య కొత్తది కాదు. దాళ్వాలో, అంటే రెండో పంట కాలంలో, కాలువ నీరు చాలనప్పుడు ఎగువ చేలు తడిసి శివారు భూములు ఎండుతాయి కనుక వంతులు పెడతారు. నెట్‌వర్కులో ప్యాకెట్ల (సమాచారాన్ని విడగొట్టి పంపే చిన్న ముక్కల) రద్దీ కూడా అటువంటి పంపకాల తగువే. అయితే కాలువ తూము దగ్గర నీటి పంపకం చూసే లస్కరు ఉంటాడు. ఇంటర్నెట్టుకు అందరి మీదా పెత్తనం చేసే లస్కరు లేడు కాబట్టి, పంపే కంప్యూటర్లే తమంతట తాము వేగం తగ్గించుకోవాలి.

ఆ తగ్గడం తెలియకపోతే ఏమవుతుందో 1986 అక్టోబరులో అమెరికాలో బయటపడింది. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, కూతవేటు దూరంలోని విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దీనిపై పరిశోధకుడు వాన్ జేకబ్సన్ 1988లో వెలువరించిన పత్రాన్ని మొదట చదవాలి. ఒక్కసారి చదివితే అంతుపట్టదు. మూడోసారికి, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయి, ప్యాకెట్ దారిలో తప్పిపోగానే సగానికి దిగడంలోని తర్కం తెలుస్తుంది.

తరువాత ఇంటి కనెక్షన్‌నే ప్రయోగశాల చేసుకోవాలి. ఒక వారం పాటు గంటగంటకూ పింగ్ (మరో కంప్యూటరుకు చిన్న సందేశం పంపి, జవాబు రావడానికి పట్టే సమయాన్ని కొలిచే ఆదేశం) నడిపి, ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో రాసుకోవాలి. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు మరోసారి కొలవాలి. ప్యాకెట్లు తప్పిపోకుండానే ఆలస్యం అనేక రెట్లు పెరిగితే, దారిలో ఏదో ఒక పరికరపు బఫరులో (ప్యాకెట్లు తమ వంతు కోసం ఆగే చోట) వరుస పేరుకుంటోందని అనుమానించవచ్చు. ఆ అనుమానాన్ని ఒకే కంప్యూటరులో నమూనా నెట్‌వర్కును నడిపే, ఉచితంగా దొరికే మినీనెట్ సాఫ్ట్‌వేరులో, బఫరు పరిమాణాన్ని మారుస్తూ పరీక్షించాలి. కరెంటు పోయిన వేళలను విడిగా గుర్తించకపోతే లెక్క తప్పుతుంది.

పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టడం మామూలే. మార్గదర్శకుని పేరుప్రఖ్యాతుల కంటే, ఆయన దగ్గర ఇప్పుడున్న విద్యార్థుల మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. ఇంట్లోవారికి ఆ అయిదేళ్ల సంగతీ, నెలకు వచ్చే ఫెలోషిప్ సంగతీ మొదటే చెప్పాలి, లేకపోతే ప్రతి పెళ్లిలోనూ "ఇంకా చదువేనా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది అమ్మానాన్నలే.

సిగ్‌కామ్ వంటి నెట్‌వర్క్ పరిశోధన సదస్సులకు పత్రాల గడువు తరచు జనవరి చివరనో, ఫిబ్రవరి మొదట్లోనో పడుతుంది, అంటే సంక్రాంతి సరిగ్గా చివరి పరుగులో వస్తుంది. చాలా సదస్సులు పాటించే "భూమి మీద ఎక్కడైనా" అనే లెక్క (భూమి మీద ఏదో ఒక చోట ఆ తేదీ మిగిలి ఉన్నంతవరకూ గడువు ఉన్నట్టే) ప్రకారం అర్ధరాత్రి గడువు మనకు మరునాటి సాయంత్రం అయిదున్నర వరకూ సాగుతుంది. ఈ వెసులుబాటును ముందే ఖర్చుపెట్టుకోకూడదు. ప్రయోగాలు డిసెంబరులోనే ముగించి, పండక్కి రాత పని మాత్రమే మిగుల్చుకోవాలి. ఒకటి రెండు పరీక్షలు మిగిలిపోయినా, వాటిని కంప్యూటరుకు అప్పజెప్పి కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లవచ్చు. తిరిగి వచ్చేసరికి, కరెంటు పోకపోతే, ఫలితాలు సిద్ధంగా ఉంటాయి.