మృగశిర రాకముందే బెల్టు, క్లచ్ సరిచూసుకోండి

నేల మీద, నీళ్లలో రెండింటా నడిచే ఆరు చక్రాల, ఎనిమిది చక్రాల బండ్లు సిరొంచ వైపు ఎవరి దగ్గర ఉన్నా క్లచ్ పని ఎండలు ఉండగానే ముగించుకోండి. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడి రేగడి నానిందంటే సెట్టింగు మార్చి నడిపి చూద్దామన్నా గట్టి నేల దొరకదు. ప్రాణహిత ఒడ్డున ఒండ్రు కూడా అంతే, ఎండితే రాయి, తడిస్తే జారుడు.

"పవర్ చాలట్లేదు" అనగానే చాలామంది ఇంజను విప్పుతారు. అంతకంటే ముందు, ఇంజను వైపు క్లచ్ నుంచి గేరుబాక్సు వైపు క్లచ్‌కు పవర్ మోసే బెల్టు చూడాలి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది జారుతోందని అర్థం. ఒక్కచోటే సన్నబడిందంటే, బండి దిగబడ్డప్పుడు ఎవరో యాక్సిలరేటర్ అదిమి పట్టుకున్నారు. అలాంటి బెల్టుతో ఎంత ట్యూనింగ్ చేసినా వృథా. మాన్యువల్‌లో ఇచ్చిన వెడల్పు కంటే అరిగితే మార్చేయండి. ఈ బండ్లలో క్లచ్ అంటే బెల్టు ఆనే పుల్లీయే, ఆ పుల్లీ ముఖాలను స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. అక్కడ నూనె గానీ గ్రీజు గానీ చుక్క కూడా ఉండకూడదు.

ఇక ట్యూనింగ్. ఇంజను వైపు క్లచ్‌లో వెయిట్లు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని పుల్లీని మూస్తాయి, బెల్టు పైకెక్కుతుంది, అంటే గేరు పెరిగినట్టే. గేరుబాక్సు వైపు క్లచ్‌లో స్ప్రింగు, ఏటవాలు క్యామ్ కలిసి, బరువు పడగానే బెల్టును బిగించి మళ్లీ తక్కువ గేరులోకి లాగుతాయి. పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి, నిండు బరువుతో ఎక్కిస్తున్నప్పుడు ఇంజను తన గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నిలబడాలి. మనకు కావలసింది అదే. అంతకంటే కిందికి పడిపోతుంటే తేలికైన వెయిట్లు వేయాలి, లేదా గేరుబాక్సు వైపు స్ప్రింగు కొసను పక్క రంధ్రంలోకి మార్చి బిగువు ఒక మెట్టు పెంచాలి. ఆర్పీఎం పైకి పోయి బండి మాత్రం మందంగా ఉంటే, బెల్టు జారడం లేదని తేలాక, బరువైన వెయిట్లు. స్ప్రింగు మరీ బిగిస్తే బెల్టు వేడెక్కి త్వరగా పోతుంది. వెయిట్లన్నీ ఒకే బరువు ఉండాలి, లేకపోతే క్లచ్ వణుకుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఆర్పీఎం చూపే టాకోమీటర్ లేకుండా చెవితో చేయకండి. బెల్టు ఎంతవరకు ఎక్కుతోందో చూడాలంటే పుల్లీ ముఖం మీద మధ్య నుంచి అంచు దాకా మార్కర్ పెన్నుతో గీత గీసి, ఎత్తు మీదికి నడిపి, ఇంజను ఆపి చూడండి. గీత ఎంతవరకు చెరిగిపోతే అంతవరకు బెల్టు వెళ్లింది. ఈ గీత నా లెక్కలో ఏ మీటరు కంటే తక్కువది కాదు.

ఖాళీ బండితో చేసిన సెట్టింగు మాత్రం నమ్మకండి. నీళ్లలో తేలేటప్పుడు చక్రాల మీద భారం తక్కువ. అసలు పరీక్ష ఒడ్డెక్కేటప్పుడు. తడిసిన బండి, లోపల మనుషులు, ముందు చక్రాలు బురద పట్టి, వెనక చక్రాలు ఇంకా నీళ్లలోనే. అప్పుడు క్లచ్ తక్కువ గేరులోకి వెంటనే దిగిరాకపోతే బండి ఒడ్డునే కూలబడుతుంది, వెనక్కి జారుతుంది. అందుకే గట్టు ఎక్కేది బాగా చూసుకోండి, రోడ్డు మీది స్పీడు కాస్త తగ్గినా పర్లేదు. మళ్లింపులోనూ అంతే. ఈ బండ్లు ఒక పక్క చక్రాలను బ్రేకుతో ఆపి తిరుగుతాయి, రేగడిలో ఆ భారం మొత్తం బెల్టు మీదే. లో రేంజ్‌లోనే (వేగం తక్కువ, లాగుడు ఎక్కువ ఉండే గేరు) తిప్పండి.

విప్పేటప్పుడు తాళంచెవి తీసి, ప్లగ్ వైరు ఊడదీయండి. క్లచ్ లోపల స్ప్రింగు నొక్కి ఉంటుంది. కవర్ బోల్టులు ఒక్కొక్కటి పూర్తిగా విప్పితే కవర్ ముఖం మీదికి ఎగురుతుంది, అన్నింటినీ కొద్దికొద్దిగా వదలాలి. క్లచ్‌ను షాఫ్ట్ నుంచి ఆ బండికి చెందిన పుల్లర్‌తోనే తీయాలి. సుత్తి తగిలిందంటే పుల్లీ వంకర. గార్డు తీసి ఇంజను స్టార్ట్ చేయనివ్వకండి, చున్నీ, లుంగీ, వేళ్లు ఏవీ మిగలవు. ఇంజను వేగం హద్దు దాటకుండా ఆపే గవర్నర్ ఉంటే దాన్ని ముట్టుకోకండి, అలా తెచ్చుకున్న దొంగ పవర్ ఇంజను కనెక్టింగ్ రాడ్ విరగడంతోనే పోతుంది.

బెల్టు తడిస్తే ఇంజను మోగుతుంది, బండి కదలదు. గట్టు మీద న్యూట్రల్‌లో పెట్టి కొద్దిసార్లు రేస్ ఇస్తే బెల్టు ఆరుతుంది, ఆ తర్వాత లో రేంజ్‌లో నడిపి చూడండి. బెల్టు బాక్సు రబ్బరు సీలు, గాలి పైపుల బిగింపు, డ్రెయిన్ ప్లగ్గులు, అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు వానలకు ముందే చూడండి.

ఎంత ట్యూన్ చేసినా చక్రాలతో నీళ్లలో వెళ్లే వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లే. వరదలో ప్రాణహిత, గోదావరి ప్రవాహం అంతకంటే చాలా వేగం. 2022 జూలైలో అవతలి ఒడ్డున కన్నెపల్లి పంపుహౌస్ మునిగిన నీళ్లవి. వాగు, చెరువు, నిలిచిన నీళ్లు సరే, వరద నదిలోకి ఈ బండి దింపకండి. లైఫ్ జాకెట్ లేని మనిషిని ఎక్కించకండి, ఎంత దగ్గరివాడైనా.

కొత్త బెల్టు వేస్తే మొదట్లో నింపాదిగా, పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకుండా నడపాలి. అందుకే అది మే నెలలోనే వేసుకోవాలి. పాతది బాగుంటే స్పేరుగా బండిలో ఉంచండి, దాంతోపాటు విప్పే పానా, పుల్లర్, తాడు.