మ్యాచ్‌కి టికెట్ తీసేముందు పడమర ఎటో చూసుకోండి

ఎండాకాలం మధ్యాహ్నం బేస్‌బాల్ మ్యాచ్‌కి కొత్త ఊరి స్టేడియంకి వెళ్తే, మంచి సీటే అనుకున్నచోట మూడు గంటలపాటు మొహం మీద ఎండ కొడుతుంది. మొన్న మావాడి చేతిలో ప్లాస్టిక్ హెల్మెట్‌లో ఇచ్చిన ఐస్‌క్రీమ్ తొమ్మిదింట్లో రెండో ఇన్నింగ్స్ అవకముందే పాయసమైపోయింది.

ఇప్పుడు టికెట్ కొనేముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ బొమ్మలో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ఎక్కడుందో, పడమర ఎటో చూస్తున్నాను. రెండు నిమిషాల పని. పడమరకి వీపు పెట్టి కూర్చునే సీట్లకే ముందు నీడ వస్తుంది. చికాగో రిగ్లీ ఫీల్డ్‌లో, లాస్ ఏంజిలిస్ డాడ్జర్ స్టేడియంలో అది మూడో బేస్ వైపు, అంటే హోమ్ ప్లేట్ వెనక నుంచి మైదానం వైపు చూస్తే ఎడమ పక్క. చాలా స్టేడియాలు ఇంతే, ఎందుకంటే సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్లలో పడకుండా మైదానాన్ని తూర్పు, ఈశాన్యాల వైపు తిప్పి కడతారు. డెట్రాయిట్ కొమెరికా పార్క్ మాత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటుంది, అక్కడ మొదటి బేస్ వైపు, అంటే కుడి పక్క తీసుకోండి. అదే సెక్షన్‌లో పై అంతస్తు కిందికి వచ్చే చివరి నాలుగైదు వరుసలు దొరికితే ఇంకా హాయి, పైగా ముందు వరుసలకంటే చవక.

ఒంటిగంటకి మొదలయ్యే జూన్, జులై మ్యాచ్‌లకి మాత్రం ఈ లెక్క పనిచేయదు. సూర్యుడు నడినెత్తినుంటాడు కాబట్టి ఏ వైపైనా పై అంతస్తు కిందున్న వరుసలే తీసుకోండి.