ముల్లు రంగు చూశారా? ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

ఈ నెలలో నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా సూచికలు చూసి విమానం నడిపే అర్హత) ప్రాక్టికల్ పరీక్ష తప్పారు. ఇద్దరూ తెలుగు పిల్లలే, విమానం చక్కగా నడిపేవాళ్లే. ఇద్దరినీ ముంచింది ఒకే మీట: దారి చూపే ముల్లు జీపీఎస్ మాట వినాలో, నేల మీది రేడియో సంకేతం మాట వినాలో మార్చే మీట. అమెరికాలో శిక్షణ పొందుతూ త్వరలో ఈ పరీక్షకు వెళ్లబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. బాగా చదవండి, కంటినిండా నిద్రపోండి అని నేను చెప్పనక్కరలేదు.

ముందు కాగితాలు. 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం, అందులో 15 గంటలు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షకుడితో, 50 గంటల క్రాస్ కంట్రీ (ఒక విమానాశ్రయం నుంచి మరోదానికి ప్రయాణం): ఇవి అందరూ సరిచూసుకుంటారు. 250 నాటికల్ మైళ్ల ప్రయాణం దగ్గరే తడబడతారు. అందులో మూడు వేర్వేరు రకాల అప్రోచ్‌లు (సూచికల సాయంతో రన్‌వే వైపు దిగే పద్ధతులు) చేసినట్టు లాగ్‌బుక్‌లో స్పష్టంగా ఉండాలి. చేసి రాయకపోతే చేయనట్టే. పరీక్ష నెలకు ముందున్న రెండు నెలల లోపల మూడు గంటల శిక్షణ కూడా కనిపించాలి.

తరువాత విమానం. ఆల్టిమీటర్ (ఎత్తు చూపేది), స్టాటిక్ వ్యవస్థ (దానికి బయటి గాలి ఒత్తిడి అందించేది), ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చేది) తనిఖీలకు గడువు 24 నెలలు. వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రాన్ని బట్టి దిశ చూపేది) తనిఖీకి 30 రోజులు. ఆ తనిఖీ నమోదులో తేదీ, చోటు, తేడా, సంతకం నాలుగూ ఉండాలి. జీపీఎస్ డేటాబేస్ గడువు మీరే తెరిచి చూడండి.

ఇక ఆ మీట సంగతి. ఐఎల్ఎస్ (రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలతో దిగే పద్ధతి) అప్రోచ్‌ను జీపీఎస్‌లో ఎక్కించగానే తెర మీద దారి కనిపిస్తుంది. కంట్రోలర్ చెప్పిన దిశకు తిరుగుతారు, సీడీఐ (దారికి ఎంత పక్కన ఉన్నామో చూపే సూచిక) ముల్లు మెల్లగా మధ్యకు వస్తుంది. అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ ముల్లు ఇంకా జీపీఎస్ చెప్పినట్టే ఆడుతోంది, లోకలైజర్ (రన్‌వేకు సూటిగా దారి చూపే ఐఎల్ఎస్ సంకేతం) మాట వినడం లేదు. జీపీఎస్ కూడా అదే గీత మీద నడిపిస్తుంది కాబట్టి అటూ ఇటూ తేడా తెలియదు. అసలు మోసం అక్కడే ఉంది. గ్లైడ్‌స్లోప్ (దిగాల్సిన వాలు చూపే సంకేతం) మాత్రం రాదు. నా మొదటి విద్యార్థి ‘వస్తుందిలే’ అనుకుంటూ అదే ఎత్తులో ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే చోటు) దాటేశాడు. తప్పు తెలిశాక పైనుంచి అందుకోవాలని ముక్కు దించాడు. వేగం పది నాట్ల హద్దు మీరింది, ముల్లు ముప్పావు దాటింది, పరీక్ష అక్కడితో సరి.

రెండో అమ్మాయి ఐఎల్ఎస్‌ను ముచ్చటగా దించింది. మిస్డ్ అప్రోచ్‌లో (రన్‌వే మీద దిగకుండా మళ్లీ పైకి లేవడం) మాత్రం మీట తిరిగి జీపీఎస్‌కు మార్చలేదు. హోల్డింగ్‌కు (ఒకే చోట చుట్లు తిరుగుతూ ఆగడానికి) మళ్లాల్సిన విమానం లోకలైజర్ గీత పట్టుకుని నేరుగా పోయింది.

డిజిటల్ తెరల విమానాల్లో సాధారణంగా లోకలైజర్ ముల్లు ఆకుపచ్చ, జీపీఎస్ ముల్లు ముదురు గులాబీ. పాత గుండ్రటి సూచికల్లో ముల్లుకు రంగు ఉండదు. జీపీఎస్ తెర మీది అక్షరాలే చదవాలి. కొన్ని యంత్రాలు తామే మార్చుకుంటాయి, అదీ షరతులు కుదిరితేనే. దాన్ని నమ్మకండి. ముల్లు మధ్యలో ఉందా అని కాదు, ముల్లు ఎవరిదని అడగండి.

మనం అనుకున్నది వేరు, సూచిక చూపేది వేరు. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలోని కాలబాసస్ కొండల మీద కూలిన హెలికాప్టర్ పైలట్‌కు ఈ రేటింగ్ ఉంది. పైకి ఎక్కుతున్నానని కంట్రోలర్‌కు చెబుతున్నప్పుడు అది నిజానికి కిందికి దిగుతోంది. తొమ్మిది మంది చనిపోయారు. దర్యాప్తు సంస్థ తేల్చిన కారణం మబ్బులో దిశాభ్రమ. హుడ్ (బయట కనిపించకుండా పెట్టుకునే కంటి ముసుగు) కింద కూర్చుని శరీరం మాట వినేవాళ్లు ఈ ఒక్క ప్రమాదాన్ని గుర్తుపెట్టుకోవాలి.

పరీక్ష రోజున:

ముల్లు రంగు చూడండి. ‘ఆకుపచ్చ, లోకలైజర్’ అని పైకి అనండి, ఎగ్జామినర్ వినేలా.

రేడియో కేంద్రం పంపే మోర్స్ సంకేతం విని పోల్చుకోండి. ఫ్రీక్వెన్సీ అంకె చూసి సరిపెట్టుకోవద్దు.

ఎండీఏ (రన్‌వే కనిపించేదాకా దాటి దిగకూడని ఎత్తు) మీద వంద అడుగుల పైకి ఉన్నా చెల్లుతుంది. ఒక్క అడుగు కిందికి చెల్లదు.

వాక్యూమ్ (కొన్ని సూచికలను నడిపే గాలి పంపు) పోయిందంటూ ఎగ్జామినర్ సూచికలు మూసేస్తే దిక్సూచితో కుస్తీ పట్టకండి. సెకనుకు మూడు డిగ్రీల లెక్కన గడియారం చూసి తిరగండి.

హోల్డింగ్ ప్రవేశం కాగితం మీద గీయండి. మనసులో గీయకండి.

రేడియో పోతే ఏ దారి, ఏ ఎత్తు? నిద్రలో లేపి అడిగినా రావాలి.

ప్రత్యామ్నాయ విమానాశ్రయం చేరాక ఇంకా 45 నిమిషాల ఇంధనం. తగ్గితే బయలుదేరకండి.

సిద్ధంగా లేకపోతే కంట్రోలర్‌ను ఇంకొంత సమయం అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పలేదు. అడగక తప్పినవాళ్లను చూశాను.

ఎగ్జామినర్ మాటల్లో పెట్టినా ఫిక్స్ దాటే ముందు మళ్లీ రంగు చూడండి.

మిస్డ్ అప్రోచ్ అనగానే పవర్, ముక్కు పైకి, ఫ్లాప్స్, ఆ తరువాత మీట. గులాబీ వచ్చిందా? చూసి, పైకి అని, అప్పుడు రేడియో అందుకోండి.