బ్యాటరీ పంపు దించుతున్నారా? ఫ్యూజు స్థానంలో తీగ చుట్టకండి

2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. మందు కొట్టే పంపులోది చిన్న బ్యాటరీయే. కానీ అది మన నడుముకే ఆనుకుని ఉంటుంది, బెల్టులు విప్పి దించేలోపే ఒళ్లు కాలుతుంది.

నెలల తరబడి మూలన పడ్డ పంపు స్విచ్ వేయగానే ఫ్యూజు కొట్టేయడం మామూలే. అప్పుడు చాలామంది చేసేది రాగి తీగ చుట్టడం. అదే కొంప ముంచేది. పోయినసారి కడగకుండా వదిలేసిన పొడిమందు డయాఫ్రంలో (పంపు తలకాయలో మందును తోసే రబ్బరు పొర) గట్టిపడి మోటారును పట్టేస్తుంది. తిరిగే మోటారు తనలో ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును 3, 4 ఆంపియర్లకు అదుపు చేస్తుంది. పట్టేసినప్పుడు ఆ అదుపు ఉండదు. మోటారులోని తీగ చుట్ట (వైండింగ్) నిరోధం ఒక ఓమే ఉంటే 12 వోల్టులకు 12 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు పోయేది అందుకే. తీగ మాత్రం పోదు, వైర్ల తొడుగే కరుగుతుంది.

కాబట్టి ముందు ట్యాంకు, గొట్టం కడిగి, బ్యాటరీ వైరు ఊడదీయండి. పంపు తలకాయ స్క్రూలు విప్పి, వైరు మళ్లీ తగిలించి మోటారును విడిగా, ఫ్యూజు ఉంచే తిప్పి చూడండి. హాయిగా తిరిగితే తప్పు డయాఫ్రంది, వాల్వులది. తిరగకపోతే వైరు తీసి మోటారు రెండు కొసల మధ్య మల్టీమీటరుతో ఓములు చూస్తూ ఇరుసును చేత్తో మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా రీడింగ్ తెగిపోతే బ్రష్షులు అరిగినట్టు, లేదా కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి పట్టీల భాగం) మసిబారినట్టు. కొసకూ మోటారు బాడీకీ మధ్య రీడింగ్ వస్తే మోటారు మార్చాల్సిందే.

లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జర్ తీసిన రెండు మూడు గంటలకు 12.6 వోల్టుల పైన చూపాలి. అంతటితో నమ్మకండి. మోటారు తిరుగుతుండగా నిమిషంలోనే 11 కిందికి జారితే ఆ బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ దగ్గర 12 ఉండి మోటారు కొసల్లో 11 వస్తే స్విచ్, జాయింట్లు తుప్పు పట్టాయి. మోటారు వేగం మార్చే నాబ్ మీద అనుమానముంటే దాన్ని దాటించి చూడండి, ఫ్యూజును మాత్రం దాటించకండి.

మీటరు ఆంపియర్ల మీద ఉండగా బ్యాటరీ కొసలకు తాకించొద్దు, అది నేరుగా షార్ట్.
లిథియం బ్యాటరీకి లెడ్ యాసిడ్ చార్జర్ పెట్టొద్దు.
ఉబ్బిన బ్యాటరీని చార్జింగ్ పెట్టొద్దు.
పడుకునే గదిలో ఏ బ్యాటరీకీ చార్జింగ్ వద్దు.
పరీక్ష మంచినీళ్లతోనే, మందుతో కాదు.
చేతికి గ్లౌజులు వేసుకోండి.
వీపున పెట్టుకుని స్విచ్ వేయొద్దు, నేల మీద పెట్టి ఐదు నిమిషాలు నడిపి మోటారును చేత్తో తాకండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపండి.
ఫ్యూజు రెండోసారి పోతే మూడోది వేయకండి, తప్పు ఎక్కడుందో వెతకండి.
తీగ చుట్టొద్దు, పెద్ద ఆంపియర్ల ఫ్యూజూ వేయొద్దు. పాత ఫ్యూజు మీద ఎంత రాసి ఉంటే అంతదే తెచ్చుకోండి, రెండు మూడు అదనంగా సంచిలో ఉంచుకోండి.